సిలిండరును రెండు వైపులా కొలిచాను

మా రైడరు సిఫీవే బండి దారిలో ఆగిపోయిందని నాకు మొదట చెప్పినవాడు రేడియో ఆపరేటరు పిళ్లై. ఆ కబురు వచ్చేసరికి నేను ఆ సైనిక క్యాంపులో చేరి నాలుగు వారాలు.

తుగేలా నదికి ఉత్తరాన, చెరకు తోటలు ఆగి కొండలు మొదలయ్యే చోట లారీ నన్ను దించింది. దేశంలో రంగుతో పనిలేకుండా అందరూ ఓటు వేసే మొదటి ఎన్నికలకు ఇంకా ఐదు వారాలు. వాన పడుతోంది. దూకితే బూట్లు చీలమండల దాకా ఎర్రమట్టిలో దిగాయి. ఒక కిట్‌బ్యాగు, ఒక రైఫిలు, రెండు దుప్పట్లు, నాన్న ఇచ్చిన కొలత పరికరాల పెట్టె. మోటారు సైకిళ్ల షెడ్డు నాకు అప్పగించారు. రేకుల కప్పు, రెండు బెంచీలు, ఆరు బళ్లు.

లోయల్లో రేడియో అందదు. అవతలి కాపలా పోస్టులకు కాగితాలన్నీ బైకు మీదే వెళ్లాలి. ఆ నెలల్లో అక్కడ ఇళ్లు తగలబడుతున్నాయి. చెరకులోంచి తుపాకులు పేలేవి. పేల్చింది ఎవరో ఎవరూ చెప్పేవారు కాదు. రైడర్లకు ఒకటే ఆర్డరు: ఎక్కడా ఆగవద్దు.

ఈ పని నేను ఇంట్లోనే నేర్చుకున్నాను. తాతల కాలంలో చెరకు పనికి ఓడలో వచ్చిన తెలుగువాళ్లం మేం; నాన్న డర్బన్ పక్కన మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లులో ఫిట్టరు. ఒకే వంటబల్ల మీద అమ్మమ్మ బైబిలు పెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది, నాన్న మైక్రోమీటరు పట్టించాడు. ఆ ఇద్దరినీ నాకిచ్చిన ప్రభువుకు ఈనాటికీ స్తోత్రం చెప్పుకుంటాను. సిలిండరు గుండ్రంగా అరగదని నాన్న చెప్పేవాడు. పిస్టన్ ముందు గోడనూ వెనక గోడనూ తన్నుతుంది, పక్క గోడల జోలికి అంతగా పోదు. అందుకే రెండు వైపులా కొలవాలి.

సిఫీవే నడిపే నాలుగో నంబరు బండి పొగ వదులుతోంది. ఇంజను విప్పాను. పక్కల మధ్య అరుగుదల ఆరు. ముందువెనకల మధ్య పద్నాలుగు. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క ఇది. పది దాటితే అలాగే వాడకూడదు. డర్బన్ పంపి బోరు చేయించి, అంటే లోపల మళ్లీ గుండ్రంగా తొలిపించి, పెద్ద సైజు పిస్టన్ వేయాలి.

షెడ్డు మీద పైవాడైన స్టాఫ్ సార్జెంటు బండి తనిఖీ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"కొలతకు గడులు ఎన్నున్నాయి, మేయ్‌సీ?" వాళ్ల ఆఫ్రికాన్స్‌లో అమ్మాయీ అని.

"ఒకటి, స్టాఫ్."

"నీ దగ్గర అంకెలు ఎన్ని?"

"రెండు."

"అయితే ఒకటి ఎక్కువైంది. చిన్నది రాయి."

"బోరు చేయిస్తే ఐదు రోజుల్లో వచ్చేస్తుంది, స్టాఫ్."

"ఆ ఐదు రోజులూ కాగితాలు నువ్వు నడిచి పట్టుకెళ్తావా? అదే పిస్టన్‌కు కొత్త రింగులు తొడిగి మూసెయ్. ఎన్నికలయ్యాక బంగారంతో చేయించుకో, నేనడగను."

ఆరు అని రాశాను. సంతకం పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

మర్నాడు పొద్దున ఐదున్నరకు సిఫీవే వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు. ఓటు కోసం తీసుకున్న గుర్తింపు పుస్తకం ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకు తిరిగేవాడు.

"సిస్సీ, మా ముసలి గుర్రానికి దగ్గు తగ్గిందా?" అక్కను అక్కడ అలా పిలుస్తారు.

"తగ్గింది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం తొందరపెట్టకు."

"ఆ మాట చెరకులో దాక్కున్నవాళ్లకి కూడా చెప్పు మరి!" నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు, "నిజంగా బాగైందా?"

"వెళ్లొస్తుంది."

"నువ్వు సంతకం పెట్టేశావుగా. నాకది చాలు."

బండి తొమ్మిది రోజులు వెళ్లొచ్చింది. పదో రోజు మధ్యాహ్నం రెండు నలభైకి పిళ్లై షెడ్డు దాకా పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నాలుగో నంబరు దారిలో ఆగిపోయి ఉందట. ఎదురుగా వచ్చిన లారీవాడు చూశాడట. పక్కన మనిషి లేడట." నాలుగు పదికి మళ్లీ వచ్చాడు. ఈసారి నడిచి వచ్చాడు. "కూర్చో అక్కా," అన్నాడు.

బండిని తేవడానికి లారీలో నేనూ వెళ్లాను. దారికి అడ్డం లేకుండా పక్కకు తోసి, స్టాండు వేసి ఉంది. పోస్టుకు ఇంకా నాలుగు కిలోమీటర్లు. కాగితాలు అందించాలని నడక మొదలుపెట్టాడు. చెరకులోంచి రెండు గుళ్లు. అతను తీసుకెళ్తున్న కాగితాల కవరు తర్వాత నా ముందే తెరిచారు. మర్నాటికి పోస్టులో ఎన్ని రొట్టెలు కావాలని అడిగే కాగితం ఒక్కటే ఉంది అందులో.

ఇంజను విప్పితే పిస్టన్ అడుగంచు విరిగి, ముక్క ఇరుక్కుపోయి ఉంది. వదులైన పిస్టన్ ముందువెనకల గోడలను కొట్టీ కొట్టీ పగిలింది.

విచారణ ఇరవై నిమిషాలు జరిగింది.

"ఫారంలో ఆరు అనే ఉంది," అన్నాడు ఆఫీసరు.

"పద్నాలుగు కూడా వచ్చింది సార్."

"ఎక్కడ రాశావు?"

"గడి లేదు సార్."

స్టాఫ్ సార్జెంటు తన బూట్లు చూసుకుంటున్నాడు. రైడరు బండిని మితిమీరి తోలడం వల్ల ఇంజను చెడిందని రాసి ముగించారు. చచ్చిపోయినవాడి మీదకు తోసేశారు! వాళ్ల అమ్మకు వెళ్లిన ఉత్తరంలో కూడా ఆ వాక్యం ఉంది. అది తప్పని రెండుసార్లు పైకి రాశాను. జవాబు రాలేదు. స్టాఫ్ సార్జెంటును క్షమించమని ప్రభువు నన్ను అడుగుతున్నాడు. ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

ఎన్నికలయ్యాక ఇంటికొచ్చాను. నాన్న అంతా విన్నాడు. నన్ను తిట్టాలంటే ఆయనకు తెలుగే కావాలి, కానీ తిట్టలేదు.

"ఎన్ని వైపులా కొలిచేవే?"

"రెండు వైపులా నాన్నా."

"మరి ఏది రాసేవు?"

ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆ దారి కనబడుతుంది. తడి ఎర్రమట్టిలో బూటు అడుగులు. బండి దగ్గర మొదలై పోస్టు వైపు వెళ్తాయి. అన్నీ సమానమైన దూరంలో ఉన్నాయి. పరిగెత్తిన అడుగు ఒక్కటి లేదు, వెనక్కి తిరిగింది ఒక్కటి లేదు. వాటి పక్కనే నడుచుకుంటూ వెళ్లాను, అవి ఆగిన చోటు వరకూ.

ఇది చదివిన మీరు ఒక్కసారి సిఫీవేను తలచుకోండి. ఆ పేరుకు వాళ్ల భాషలో ‘మాకు దక్కినవాడు’ అని అర్థమట. ఆ బండిని పాడుచేసింది అతను కాదు.