రసూల్ సాబ్ చెవిలో మేక

గోరంట్లలో రసూల్ సాబ్‌కు గిట్టనిది ఒక్కటే, చప్పుడు. ఆయన బతుకుతెరువు మాత్రం రికార్డింగు.

నెట్ సెంటర్లో ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేరును కంప్యూటర్లోకి ఎక్కించుకున్నప్పటి నుంచి ఆయనకు పట్టపగ్గాల్లేవు. దగ్గు, తుమ్ము, గాజుల గలగల, ఏది దొరికినా కత్తిరించేసేవాడు. ఒకసారి పశువుల టీకాల ప్రకటన చదివిన గోవిందప్ప ఊపిరి పీల్చిన చోటల్లా కోసేశాడు. దాన్ని వినిపిస్తూ ఆటో వీధుల్లో తిరుగుతుంటే విన్నవాళ్ళకే ఆయాసం వచ్చింది.

ఎవరొచ్చినా ముందు కాసేపు ఊరకే కూర్చోబెట్టేవాడు. మాటల్లేని గదిలో గుయ్యిమనే చప్పుడును నమూనాగా చూపిస్తే, కంప్యూటరు పాటంతా వెతికి దాన్ని తుడిచేస్తుందట. దుకాణంలో పనిచేసే ఈశ్వరికి ఈ పద్ధతి బాగా నచ్చింది. ఏడో తరగతితో బడి మానేసిన ఆ పిల్లకు, నోరు మూసుకుని ఉన్నందుకు మెచ్చుకునే యజమాని ఇంకెక్కడ దొరుకుతాడు?

రసూల్ సాబ్ అసలు శత్రువు మేక. దుకాణం వెనక ఈశ్వరి వాళ్ళు కట్టేసే మేక. హెడ్‌ఫోను పెట్టుకున్నాడంటే అది నెమరేసినా ఆయనకు వినపడేది. "మీ చెవులకు పట్టదు. దీనికి పడ్తాది," అనేవాడు హెడ్‌ఫోను తట్టి.

ఆ వేసవిలో చెక్కభజన గురువు సుంకప్ప సీడీ చేయించడానికి వచ్చాడు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయనకు పాట మధ్యలో మాట జారిపోతోంది. ఈసారి తడబడితే ఇక ముందుండి పాడేది శిష్యుడు వీరేష్ అని బృందం తేల్చేసింది. వీరేష్ పక్కనే గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు.

రెండో చరణంలో సుంకప్ప ఆగిపోయాడు.

"మేక అరిచింది," అన్నాడు రసూల్ సాబ్ చిరాగ్గా. "ఆ ముక్క మళ్ళా పాడన్నా. అతికించుకుంటా."

సుంకప్ప పాడాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ మేకే.

"నాకేం ఇనపల్యా సాబ్," అన్నాడు వీరేష్.

"నీ చెవులకు పట్టదులేప్పా."

ఈశ్వరి తల దించుకుంది. ఆ మేకను పోయిన వారమే వాళ్ళ నాయన కదిరి సంతలో అమ్మేశాడు. తోలుకుపోవడానికి ఆటో మాట్లాడిపెట్టింది రసూల్ సాబే.

ఆఖరి చరణంలో సుంకప్ప పెదాలు కదిలాయి, మాట రాలేదు. సరిగ్గా అప్పుడే రసూల్ సాబ్‌కు దగ్గు తెర వచ్చింది. ఊరందరి దగ్గులూ కోసిన మనిషి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు. వీరేష్ మైకు వైపు చెయ్యి చాపాడు.

"మేక, సాబ్," అంది ఈశ్వరి.

ఆ దుకాణంలో ఆమె గొంతు వినడం అందరికీ అదే మొదలు. వీరేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సుంకప్ప ఆ చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు.

సీడీలో ఆయన ఒక్కచోటా ఆగలేదు. ఆఖరి చరణానికి ముందు మాత్రం "మేక, సాబ్" అని ఓ సన్నటి గొంతు వినిపిస్తుంది. దాన్ని కోయలేదేమని ఎవరడిగినా రసూల్ సాబ్ హెడ్‌ఫోను సర్దుకునేవాడు.

"యాడప్పా? నాకేం ఇనపల్యా."