ఆఫీసర్ల గదిలో సోఫా

రెబ్కాది నరసాపురం దగ్గర పల్లె. నర్సింగు చదివి ఢిల్లీ వచ్చి, వసంత్ కుంజ్ వెనక బస్తీని ఆనుకుని ఉన్న ప్రభుత్వ డిస్పెన్సరీలో కుదిరింది. గర్భిణుల్ని పరీక్షించే బల్లకి ఒక కాలు విరిగితే, కింద ఇటుకలు పేర్చి నెట్టుకొస్తోంది. కొత్త బల్ల, వరండాలో జనం కూర్చోడానికి బెంచీలు కావాలని అడిగి అడిగి ఆమె నోరు నొప్పెట్టింది.

2006 మార్చి నెలాఖరున లారీ వచ్చింది. అందులోంచి తిరిగే కుర్చీలు, అద్దం పరిచిన పెద్ద టేబులు, నల్లటి సోఫా దిగాయి. అన్నీ ఆఫీసర్ల గదిలోకి వెళ్ళాయి. ఎప్పుడో తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం ఉంచిన గది అది. మిగతా రోజుల్లో తాళమే.

కొనుగోళ్ల విభాగంలో ఉన్న అనంతరామయ్య తెలుగాయనే. రెబ్కా ఆయనకి ఫోన్ చేసింది.

"పరీక్ష బల్ల ఫర్నిచర్ కాదమ్మా, వైద్య పరికరం. అది వేరే సెక్షను. మా బడ్జెట్ ఈ నెలలో ఖర్చవకపోతే వెనక్కి పోతుంది."

"మరి బెంచీలో? అవి ఫర్నిచరే కదండీ."

"వచ్చే ఏడు చూద్దాం."

ఏప్రిల్లో ఛాయాదేవి అనే నిండు గర్భిణి బల్ల దిగుతుంటే ఇటుకలు జారాయి. బల్లతో పాటు ఆమె కూడా పడింది. బిడ్డ దక్కింది గాని కుడి మణికట్టు విరిగింది. ఇళ్ళల్లో అంట్లు తోముకుని బతికే మనిషి.

రెబ్కాకి ఒళ్ళు మండిపోయింది. ప్యూను దశరథ్‌ని పిలిచి ఆ గది తాళం తియ్యమంది.

"దీదీ, నా నౌకరీ పోతుంది," అన్నాడతను హిందీలో.

"నా పేరు చెప్పు."

ఇద్దరూ సోఫాని ఈడ్చుకొచ్చి పరీక్ష గదిలో వేశారు. దాని మీద దుప్పటి పరిచి, ఆ రోజు నుంచి గర్భిణుల్ని అక్కడే పడుకోబెట్టింది. కుర్చీలు వరండాలోకి వచ్చాయి.

తనిఖీకి వచ్చిన అనంతరామయ్య మొహం ఎర్రబడింది. "ఏంటమ్మా ఇది? పైవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి? తెలుగమ్మాయివని ఊరుకుంటున్నా. ఎక్కడివక్కడ పెట్టించు."

రెబ్కా మూలనున్న విరిగిన బల్లని లాగి, కింద మళ్ళీ ఇటుకలు పెట్టింది. "దీని మీద ఎక్కి పడుకోండి సార్. ఒక్క నిమిషం. దిగాక మీరెలా చెప్తే అలా."

వరండాలోని ఆడవాళ్ళు తలుపు దగ్గర మూగారు. ఆయన బల్ల వంక చూశాడు. ఎక్కలేదు.

ముందు రెబ్కాకి మెమో వచ్చింది. తర్వాత ఢిల్లీకి ఆ చివరనున్న నరేలాకి బదిలీ. సోఫా మళ్ళీ తాళం వెనక్కి వెళ్ళింది. బస్తీ ఆడవాళ్ళు గొడవ చేస్తే కొత్త బల్ల మాత్రం వచ్చిందని దశరథ్ ఫోన్లో చెప్పాడు. బెంచీలు రాలేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె భర్త సిలాసు, "బల్లయితే వచ్చింది కదా. ఇక క్షమించెయ్," అన్నాడు.

"ఆ ఛాయాదేవి చెయ్యి విరక్కముందే ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?" అంది రెబ్కా. "తప్పయిందని ఒక్కడూ అనలేదు. ఏమని క్షమించమంటావు?"

ఆమె బస్సు స్టాపు దాటి, ఎండలో విసవిసా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.