అమ్మ ఎత్తే చెయ్యి

బందరు ఉజ్జీవ సభల్లో ప్రసంగం అయ్యాక అందరినీ కళ్ళు మూసుకోమంటారు. ప్రభువును రక్షకుడిగా అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తాలి. నేను కళ్ళు మూసుకోను. అందుకే మా అమ్మ ఏటా చెయ్యెత్తడం చూస్తున్నాను. విశ్వాసముంటే చాలు, దొరికిన రక్షణ ఎక్కడికీ పోదని సండేస్కూలు పిల్లలకు చెప్పే మనిషి ఆవిడ. కొత్తగా రక్షణ పొందినవాళ్ళకిచ్చే పుస్తకాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి.

ఈసారి గుడివాడ బస్సెక్కాక ఉండబట్టలేక అడిగేశాను. "ఏంటమ్మా, ఇంకా అనుమానమా?"

"నాకెందుకు అనుమానం? ఒక్క చెయ్యైనా లేవందే పాస్టరుగారు సభ ముగించరు. మనకేమో ఇదే ఆఖరి బస్సు," అంది అమ్మ, టికెట్టు వాచీ పట్టీలో దోపుకుంటూ. "నువ్వెత్తితే నేనెందుకు ఎత్తుతాను?"