స్కేటింగ్ పిల్ల కాలు

జెనెక్ నోట్లో నాలుక లేని మనిషి. చర్చిలో పెళ్ళినాడు పాదిరీ గారు “ఈమెను భార్యగా స్వీకరిస్తావా” అని రెండుసార్లు అడగాల్సి వచ్చిందని వాళ్ళావిడ లూసినా ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. షికాగోలో పిన్‌బాల్ మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా చేసి, ఒక్క ఫోర్‌మన్‌తోనూ గొడవపడకుండా బయటికొచ్చాడు. గొడవపడాల్సిన రోజులు లేక కాదు. గొంతుదాకా వచ్చిన మాటను మింగేసి, ఇంకో స్క్రూ బిగించేవాడు. ఎంత మంచివాడో అన్నారందరూ. నన్నడిగితే ఆ మంచితనంలో సగం భయమే.

రిటైరయ్యాక ఇంటి కింద సెల్లార్‌లో బల్ల వేసుకుని, పాత మిషన్లలో విరిగిన బొమ్మల పలకలు బాగుచేయడం మొదలుపెట్టాడు. పిన్‌బాల్‌లో అద్దం కింద వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు గుండు దొర్లుతుంటుంది కదా, దాని చుట్టూ మూలమూలనా చిన్న చిన్న స్తంభాల మీద రంగుల ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, అవన్నమాట. వాటి బొమ్మను పలక అడుగువైపున అచ్చువేస్తారు. పైనుంచి చూస్తే ప్లాస్టిక్‌లోంచి కనబడుతుంది. తెలియనివాడెవడైనా విప్పి, అడుగున మురికి పట్టిందని స్పిరిట్ పెట్టి తుడిచాడా, బొమ్మంతా గుడ్డకి వచ్చేస్తుంది. అలా తుడుచుకుని లబోదిబోమంటూ వచ్చినవాళ్ళే జెనెక్‌కి సగం మంది.

మిల్‌వాకీ అవెన్యూ మీద వాండా బారులో అలాంటి పాత మిషన్ ఒకటుంది. మంచు మీద జారే స్కేటింగ్ పిల్లల బొమ్మలు. పెళ్ళైన కొత్తలో వాండా మొగుడు రోమన్ కొన్నాడు. రోమన్ పోయి ఆరేళ్ళైంది. అప్పట్నుంచి బారూ, మిషనూ రెండూ వాండా చేతిలోనే. ఆవిడకి కోపం ముక్కు మీదుంటుంది. మిషన్ అద్దం మీద బీరు గ్లాసు పెట్టినవాడు ఆ రోజుకి ఇంటికి పోవాల్సిందే.

డిసెంబరులో ఒక శుక్రవారం బారు కిటకిటలాడుతోంది. చేపలు వేయించే రోజు. మిషన్ దగ్గర చెస్టర్ ఆడుతున్నాడు. బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసి మానేసినవాడు, పెళ్ళాం పోయినవాడు. సాయంత్రమైతే అతనికి ఆ బారు తప్ప వేరే దిక్కు లేదు. గుండు పక్క సందులోకి జారిపోతుంటే మిషన్‌ని తుంటితో ఓ తోపు తోశాడు. ఎవరైనా తోసేదే. టప్పుమంది. ఒక పలక మీది స్కేటింగ్ పిల్ల పైకెత్తిన కాలు విరిగి కిందపడింది. కాకి వాలింది, తాటిపండు పడింది.

వాండా అగ్గిమీద గుగ్గిలమైంది. “గాడిద బలం నా మిషన్ మీదా చూపించేది? మా ఆయన ప్రాణంలా చూసుకున్నాడు దాన్ని! నడు! పో బయటికి! మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!”

చెస్టర్ కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా వెళ్ళిపోయాడు. ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు. జెనెక్ కూడా అక్కడే, చేపముక్క నములుతూ కూర్చున్నాడు.

మర్నాడు వాండా పలకనీ, విరిగిన ముక్కనీ గుడ్డలో చుట్టి తెచ్చింది. “నువ్వే చూడాలయ్యా జెనెక్. అతికినట్టు కనబడకూడదు.”

సెల్లార్‌లో దీపం కింద పెట్టి చూసేసరికి జెనెక్ చెయ్యి ఆగిపోయింది. విరిగిన అంచు తెల్లగా, శుభ్రంగా ఉండాలి. కానీ అది గోధుమరంగులో ఉంది, ఏళ్ళ తరబడి సిగరెట్ పొగ పట్టినట్టు. దాని పొడవునా పాత జిగురు తెల్లటి పొగమంచులా గడ్డకట్టింది. కొత్తగా విరిగింది గోరంతే. పలక అడుగున ఎండిపోయిన నల్లటి టేపుముక్క ఒకటి, సగం ఊడి వేలాడుతోంది. ఈ కాలు ఎప్పుడో విరిగింది. ఎవరో అతికించి, టేపు వేసి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ బిగించేశారు. చెస్టర్ తోసినా తోయకపోయినా నేడో రేపో ఊడిపోయేదే.

జెనెక్ పని మొదలుపెట్టాడు. పాత జిగురు గీకాడు, అంచులు కలిపాడు, సన్నని కుంచెతో ప్లాస్టిక్‌ని అతికే సిమెంటు పట్టించాడు. విరుపు దగ్గర పోయిన రంగును అడుగువైపు నుంచి వెయ్యాలి. అంటే అంతా తలకిందులు. ముందు నల్ల గీతలు, తర్వాత బూటు ఎరుపు, అన్నిటికీ చివర వెనకనుంచి తెలుపు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. మనసు మాత్రం ఒకే చోట తిరుగుతోంది. వాండాకి చెప్పాలా, వద్దా?

ఆ వారమంతా రొట్టె కోసం వెళ్ళినప్పుడల్లా చెస్టర్ కనబడ్డాడు. బారుకి ఎదురుగా, రోడ్డుకి అవతల బస్‌స్టాపులో. బస్సు వస్తుంది, పోతుంది. చెస్టర్ ఎక్కడు. కిటికీలోంచి బారు లోపలి దీపాలకేసి చూస్తూ నిలబడతాడు.

లూసినాతో అన్నాడు చివరికి. ఆవిడ పిండి కలుపుతున్న చేత్తోనే నుదురు కొట్టుకుంది. “ఓరి దేవుడా! తెలిసీ నోరు మూసుకున్నావా? చలిలో ఆ ముసలాయన బిగుసుకుపోయాక చెప్తావా, పూలదండ పట్టుకెళ్ళి?”

“పానీ వాండా సంగతి తెలుసుగా,” అన్నాడు. వాళ్ళ పోలిష్ భాషలో పానీ అంటే ‘గారు’. “నన్నూ గెంటేస్తుంది.”

“గెంటితే ఇంట్లో తాగు! గ్లాసులు నేను కడుగుతాలే.”

జెనెక్‌కి సిగ్గేసింది. చేపముక్క నములుతూ కూర్చున్న తన మొహం తనకే కనబడింది. పలకా, టేపుముక్కా జేబులో వేసుకుని బయల్దేరాడు.

బారులో ఇంకా జనం చేరలేదు. వాండా పలకని వెలుతురుకి ఎత్తి చూసి మురిసిపోయింది. “నీ చేతులకి మొక్కాలయ్యా! ఎక్కడ విరిగిందో దొరకట్లేదు.”

“పానీ వాండా, ఒక్క మాట.” జెనెక్ జేబులోంచి టేపుముక్క తీశాడు. “ఇది చెస్టర్ విరగ్గొట్టలేదు. చాలా ఏళ్ళ కిందటే విరిగింది. ఎవరో అతికించి దాచారు. ఇదిగో, దీంతో.”

ఆవిడ మొహం ఎర్రబడింది. “నా బారులో, నాకు తెలియకుండానా? ఎవడు వాడు?” అంటూ టేపుముక్క లాక్కుంది. లాక్కున్నదల్లా ఆగిపోయింది.

టేపు చివర చిన్న మడత ఉంది. మళ్ళీ తీయాలంటే గోటికి అందేట్టు, లోపలికి మడిచిన అంగుళం కొస. టెలిఫోన్ తీగకి అదే మడత. కౌంటరు దగ్గర విరిగిన స్టూలు కాలికీ అదే. రోమన్ ఏది చుట్టినా కొస అలాగే మడిచేవాడు.

“రోమన్,” అంది వాండా. గోటితో ఆ మడత తడిమింది. తర్వాత, “అద్దం తీసి తుడిచేటప్పుడు దీనిమీద జారవిడిచుంటాడు. పక్కన పడుకుని కూడా చెప్పలేదు చూడు! నాకంత భయపడ్డాడా జెనెక్?”

కాదు అనడం జెనెక్‌కి చాలా తేలిక. జీవితమంతా అంటూ వచ్చిన మాటే అది.

“అందరం భయపడతాం, పానీ వాండా,” అన్నాడు. “నాకు ఇది చెప్పడానికే వారం పట్టింది. చెస్టర్ ఎదురుగా బస్‌స్టాపులో ఉంటాడు, రోజూ.”

ఆవిడ కిటికీలోంచి చూసింది. ఆ చూడటం చూడటం కోటైనా వేసుకోకుండా బయటికి నడిచింది. జెనెక్ వెనకాల పరుగెత్తాడు. రోడ్డు దాటి వస్తున్న వాండాని చూసి చెస్టర్ బెదిరిపోయాడు. అప్పుడే వచ్చి ఆగిన బస్సులోకి, ఎటు పోతుందో కూడా చూడకుండా ఓ కాలు పెట్టేసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నేను లోపలికి రావట్లేదు పానీ వాండా, బస్సు కోసమే ఉన్నా. ఇక్కడా నిలబడొద్దంటే అవతల స్టాపుకి పోతా.”

రోజంతా ఆగని వాండా నోరు పెగల్లేదు.

“ఎక్కుతున్నావా, దిగుతున్నావా?” అన్నాడు డ్రైవరు.

“దిగుతాడు!” జెనెక్ అరిచాడు. స్టాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. “దిగు చెస్టర్! అది నువ్వు విరగ్గొట్టలేదు. రోమన్ విరగ్గొట్టి దాచాడు. నువ్వేం తప్పు చెయ్యలేదు!”

చెస్టర్ దిగలేదు. మెట్టు మీదే నిలబడి వాండా మొహంలోకి చూశాడు, ఇది నిజంగా పిలుపేనా అని.

“తప్పంతా నాదేనయ్యా,” అంది వాండా ఏడుస్తూ. “దిగు.”

అప్పుడు దిగాడు. బస్సు పోయింది. టోపీ ఇంకా చేతిలోనే ఉంది, పెట్టుకోవచ్చో లేదో తెలియనట్టు. వాండా దాన్ని లాక్కుని, మంచు దులిపి, తన చేత్తో అతని తలకి పెట్టింది.