మామ్మ పేపర్లో పోయిన వేసవి

ఈ ఉదయం మా అమ్మాయి కూలర్‌కి కొత్త వట్టివేళ్ళ తెర కట్టి నీళ్ళు పోయగానే, తడిసిన వేళ్ళ వాసన గదంతా కమ్ముకుంది. ఎదురుగా టీవీలో మన జిల్లాల పటం నిప్పు కణికలా ఎర్రగా ఉంది. కింద వడదెబ్బకి పోయినవాళ్ళ పేర్లు వరసగా పరుగెడుతున్నాయి. ఆ పేర్లు చదివినప్పుడల్లా, వీళ్ళలో ఒక్కరైనా బతికే ఉంటే బాగుండునని నాకు ఆశ పుడుతుంది. అలా జరగడం నేను నా కళ్ళతో చూశాను.

పంతొమ్మిదొందల అరవై దాటి రెండు మూడేళ్ళయిందేమో, నాకప్పుడు పదేళ్ళు. నూజివీడుకి మూడు మైళ్ళ దూరంలో ఒక షావుకారు గారి మామిడితోటకి మా నాన్న కాపలా. పిందె పడ్డ దగ్గర్నుంచి ఆఖరి కాయ కోసేదాకా అమ్మా, నాన్నా, నేనూ, నాన్న వాళ్ళమ్మ నాంచారమ్మ మామ్మా ఆ తోటలోనే తాటాకు పాకలో కాపురం ఉండేవాళ్ళం. పొద్దున్నే గంజిలో నానిన చద్దన్నం, అందులోకి పచ్చి ఉల్లిపాయ, కొత్తావకాయ. ఆ తర్వాత గాలికి రాలిన కాయలు ఒళ్ళో ఏరుకోవడం, ఉప్పూ కారం అద్దుకుని పళ్ళు పులిసేదాకా తినడం, పాకలో వరిగడ్డి కింద మాగుతున్న చిన్నరసాల్ని వాసన పట్టి వెతికి, మెత్తగా పిసికి, ముచ్చిక గిల్లి, మోచేతుల మీదుగా రసం కారుతుంటే జుర్రుకోవడం. మధ్యాహ్నమైతే మామ్మ వాకిట్లో నీళ్ళు చల్లి, నా నెత్తిన తడిగుడ్డ వేసి, "కదిలావంటే కాళ్ళిరగ్గొడతా" అనేది. తను మాత్రం డబ్బా రేకు వాయించుకుంటూ చిలకల్ని తోలడానికి ఎండలోనే తిరిగేది.

ఆ ఏడు రోహిణి కార్తెలో తోటలో ఆకు కదల్లేదు. రాత్రి పోసిన కుండలో నీళ్ళు కూడా వెచ్చగా ఉండేవి. పేపరు రోజూ వడదెబ్బ వార్తలు వేస్తోందని, ఫలానా ఊళ్ళో ఇంతమంది, ఫలానా ఊళ్ళో అంతమంది అంటూ కాయలు తోలే బండివాళ్ళు చెప్పేవారు. "పేపర్లో రాశాకే ఎండ వచ్చిందంటారా ఏంటి!" అని మామ్మ వాళ్ళని కసిరేది.

ఒకనాటి మధ్యాహ్నం డబ్బా చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్ళీ వినపడకపోయేసరికి నేను పరిగెత్తాను. పెద్దరసం చెట్టుకి అవతల, నీడకి రెండడుగుల దూరంలో మామ్మ పడిపోయి ఉంది. ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది. నా కేకలకి అమ్మా నాన్నా వచ్చారు. కాయలెత్తుతున్న బండివాడూ ఒక చెయ్యి వేసి పాకలోకి చేర్చి, ఊళ్ళో చెబుతానంటూ బండి తోలుకుపోయాడు. అమ్మ తడి చీర కప్పి విసురుతూనే ఉంది. నేను ఉల్లిపాయలు దంచి అరికాళ్ళకి రుద్దుతూ, మామ్మా మామ్మా అని ఏడుస్తూనే ఉన్నాను. మామ్మ లేని పాక ఎలా ఉంటుందో ఊహించుకోవడానికే నాకు భయమేసింది. పొద్దువాలాక మామ్మ కళ్ళు తెరిచింది.

"చిలకల్ని తోలారా?" అంది.

మూడోరోజు పొద్దున్నే నాన్నతో కలిసి కాయల బండి మీద నూజివీడు మండీకి వెళ్ళాను. బెజవాడ బస్సులో వచ్చిన పేపరు అప్పుడే విప్పారు. గుమాస్తా గారు కళ్ళజోడు మర్చిపోయి వచ్చారు. "ఐదో క్లాసు కదమ్మా, నువ్వు చదువు" అని షావుకారు గారు నా చేతిలో పెట్టారు. గర్వంగా గొంతు సవరించుకుని వడదెబ్బ వార్తలు చదవడం మొదలెట్టాను. మామిడితోటలో కాపలా ఉంటున్న నాంచారమ్మ అనే డెబ్భై ఏళ్ళ వృద్ధురాలు మరణించినట్లు తెలిసింది, అని ఉంది. చదవడం ఆపి నాన్న వైపు చూశాను.

"మా అమ్మాండీ?" అన్నాడు నాన్న. "ఇందాక చద్దన్నం తిని, ఆవకాయలో ఉప్పు తక్కువైందని పోట్లాడిందండీ!"

మండీ అంతా ఒక్కసారి గొల్లుమంది. బండివాడు "ముసలమ్మ పడిపోయింది" అన్న మాట నాలుగు నోళ్ళు మారేసరికి 'పడి' రాలిపోయి 'పోయింది' మాత్రమే మిగిలిందని తర్వాత తెలిసింది. రేపటి పేపర్లో సరిచేయిస్తామని షావుకారు గారు అన్నారు.

పేపరు తీసుకొచ్చి పాకలో మళ్ళీ చదివాను. మామ్మకి తన చావు వార్త పట్టనే లేదు. "డెబ్భయ్యా? ఎవడే రాసింది? అరవై కూడా నిండలేదు నాకు!" అని మండిపడింది.

మిట్టమధ్యాహ్నం తోట గట్టు మీద ఏడుపు వినపడింది. మైలవరం నుంచి మామ్మ చెల్లెలు తిరపతమ్మ. మా మేనత్త పెళ్ళికి బొట్టుపెట్టి పిలవకుండా మనిషితో కబురు పంపారని అలిగి, ఆరేళ్ళుగా మాటల్లేవు. టీ కొట్టు దగ్గర ఎవరో పేపరు చదివితే విని, దొరికిన బస్సెక్కి, దిగి మూడు మైళ్ళూ ఆ ఎండలో నడిచొచ్చింది. "అక్కా, నాతో మాట్టాడకుండానే పోయావా" అంటూ పాక ముందుకొచ్చి, గుమ్మంలో కూర్చుని మామిడిపండు తింటున్న అక్కని చూసి అలాగే నిలబడిపోయింది.

"ఇంత ఎండలో వస్తారటే, బుద్ధుందా?" అని మామ్మ లేచి, కుండెడు నీళ్ళు చెల్లెలి నెత్తిన గుమ్మరించింది. ఆ తడిలోనే ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారు, కాసేపటికి నవ్వారు. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా నేనూ గెంతులేశాను. చిన్నమామ్మ మజ్జిగ తాగి, అక్క చేతిలోని పండు లాక్కుని టెంకతో సహా చీకింది.

సాయంత్రం నాన్న బండితో బయల్దేరుతుంటే మామ్మ పిలిచింది. "ఒరేయ్, పేపరోడికి అప్పుడే చెప్పమాకురా. జి. కొండూరోళ్ళు ఇంకా రాలేదు."

వాళ్ళూ వచ్చారు. వారం రోజులు పాకలో జనం. తెచ్చుకున్న ఏడుపులు తోట గట్టు మీదే వదిలేసి, ముంజలూ రసాలూ తింటూ, చెట్ల కింద చాపలు పరుచుకుని కబుర్లాడుకున్నారు. చిన్నమామ్మ తొలకరి పడేదాకా వెళ్ళలేదు. ఆ తర్వాత ప్రతి వేసవికీ తోటకి వచ్చేది.

మామ్మ ఇంకో పద్నాలుగేళ్ళు బతికింది. నిజంగా పోయినప్పుడు ఏ పేపరూ రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేకపోయింది. చిన్నమామ్మ అప్పటికే పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

ఇప్పుడు ఆ తోట లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం, ప్లాట్లు వేసినప్పుడు సగం పోయింది. మొన్న మా దూరపు బంధువొకాయన పోయాడని వార్త వస్తే, ఇంట్లో అందరూ ఫోన్లో ఒక దండం బొమ్మ పెట్టి, మళ్ళీ పనుల్లో పడ్డారు. నేను చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని బస్టాండుకి నడిచాను.