చెవిలో దూరిన బొద్దింక

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అంటారు. చెయ్యి చురుక్కుమన్నా కిమ్మనదు. యజమాని గొంతు పెంచితే తానూ పెంచుతుంది. అలాంటి మనిషి బొద్దింక కంటబడితే చాలు, కెవ్వుమని కేకపెట్టి కొయ్యబారిపోతుంది.

చిన్నతనంలో స్నానాలగదిలో ఒకటి ఎగిరొచ్చి ఆమె మెడ మీద వాలింది. కంగారులో గడియ ఊడిరాలేదు. వాళ్లమ్మ బయటినుంచి గడియ ఊడేలా తలుపు తోసి లోపలికి వచ్చేదాకా అది గౌనులో దూరి వీపంతా తిరిగింది. నలభై దాటినా, ఆ కాళ్ల గరగర తలుచుకుంటే ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

అత్తగారికి మాత్రం ఇదంతా నవ్వులాట. కాలి చెప్పు తీసి ఒక్క దెబ్బతో చంపి, మీసాలు పట్టుకుని బయట పడేసి వచ్చేది. "నీ కేకకే అది సగం చచ్చిందమ్మాయ్, నాకు పని తగ్గించావు" అనేది.

ఒకనాడు లాండ్రీకి పురుగులమందు కొట్టే మనిషి వచ్చాడు. ఇస్త్రీ అక్క దూరంగా నిలబడే అడిగింది. "అన్నీ ఎగురుతాయా బాబూ?"

"అన్నీ ఎగరవమ్మా. వంటింట్లో డబ్బాల వెనక తిరిగే చిన్నవాటికి రెక్కలున్నా ఎగరలేవు. పెద్ద ఎర్రవి మురుగుకాలువల్లో, బాయిలర్ గొట్టాల సందుల్లో ఉంటాయి. బాగా ఉడుకెత్తితే అవి గాల్లోకి లేస్తాయి. లేత గోధుమరంగువి ఇంకో రకం. వాటి కాపురం ఎండుటాకుల కింద. చీకటిపడి లైటు వేస్తే సరాసరి దాని మీదికే వస్తాయి."

ధైర్యం చెబుదామనే చెప్పాడు పాపం. ఆమెకు ఉన్న ధైర్యం కూడా పోయింది. బాయిలర్ గొట్టం సరిగ్గా ఆమె ఇస్త్రీబల్ల మీదుగానే పోతుంది. ఇంటి కిటికీ కిందేమో ఎండుటాకులు మోకాలెత్తున పేరుకుని ఉన్నాయి. ఆ ఆకులు ఎత్తించమని బస్సు డ్రైవరైన మొగుడి వెంటపడింది. "ఆదివారం చూద్దాంలే" అన్నాడాయన. ఆదివారాలు వచ్చిపోతూనే ఉన్నాయి.

వాన కురవక ఊరికే ఉక్కపోస్తున్న ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పితో అత్తగారు మంచం మీద పడుకుని ఉంది. కోడలు అలవాటుగా లైటు వేసింది. కిటికీ మూద్దామని అటు తిరిగేలోపే ట్యూబులైటుకు ఏదో టప్పున కొట్టుకుంది. గోధుమరంగుది. గది చుట్టూ గిర్రున తిరిగింది. ఒక్క గెంతులో ఆమె గడప బయట ఉంది, తలుపు రెక్క పట్టుకుని.

"పిరికిదానా, ఆ చెప్పు ఇటివ్వు" అని నవ్వుతూ అత్తగారు పక్కకు ఒత్తిగిలింది. పురుగు దిండు మీద పడింది. మరుక్షణం ముసలామె చెవి పట్టుకుని కెవ్వుమంది.

"దూరిందే... చెవిలో దూరిందే..."

అత్తగారు అలా అరవగా ఆమె ఎన్నడూ వినలేదు. మొగుడు డ్యూటీలో ఉన్నాడు. పక్కింటికి తాళం. ఆ క్షణంలో తలుపు వేసేసి వీధిలోకి పరిగెత్తాలనిపించింది ఆమెకు. చెయ్యి తలుపును సగం లాగింది కూడా. అంతలో అత్తగారు జడలోని పిన్ను లాగి చెవిలో పెట్టుకోబోవడం కనిపించింది.

"వద్దత్తయ్యా, చెవి చిరుగుతుంది" అంటూ ఎలా వచ్చిందో లోపలికి వచ్చిపడింది. పిన్ను లాక్కుని, వంటింట్లోంచి నూనె సీసా తెచ్చి, ముసలామె తలను ఒడిలోకి తీసుకుంది.

"గీకుతోందే. లోపల రేకు మీద గోళ్లతో గీకినట్టుంది."

"కదలకండి."

సీసా వంచితే నూనె కొంత చెంప మీద, కొంత చీర మీద పడింది. మిగిలింది చెవిలోకి దిగింది. గీకుడు జోరెత్తింది, తర్వాత మందగించింది. ఆమె కళ్లు మూసుకుని, తన అరచెయ్యి చెవి కింద పెట్టి అత్తగారి తలను దాని మీదికి వంచింది. నూనెతో పాటు మెత్తగా, తడిగా అది అరచేతిలోకి జారింది. కాళ్లు ఇంకా ఆడుతున్నాయి. విసిరేద్దామంటే చెయ్యి మాట వినలేదు. చివరికి అత్తగారే లేచి ఆమె మణికట్టు పట్టుకుని విదిలించింది. నూనెలో తడిసిన పురుగు నేల మీద ఈడ్చుకుంటూ మంచం కిందికి పోయింది. దాని వెంట ఇద్దరిలో ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు డాక్టరు చూసి లోపల గీరుకుపోవడమే తప్ప కర్ణభేరి పొర బాగానే ఉందన్నాడు. పిన్ను పెట్టకపోవడం మంచిదైందని చుక్కలమందు ఇచ్చాడు. మొగుడు ఆదివారం దాకా ఆగకుండా ఆకులన్నీ ఎత్తిపోశాడు.

అయినా ఆమె భయం ఒక్క పిసరు తగ్గలేదు. లాండ్రీలో ఎవర్నీ అడక్కుండా ఇస్త్రీబల్లను గొట్టం కిందినుంచి గోడవారకు ఈడ్చుకుంది. ఇంట్లో చెవుల్లో దూది పెట్టుకున్న అత్తగారు పొద్దువాలగానే కిటికీలు మూయిస్తోంది. లైటు వేయనివ్వదు.

ఆ వారంలోనే ఒకరోజు మొగుడు డ్యూటీ దిగి వచ్చి, చీకట్లో పీట తన్నుకుని పడబోయాడు.

"కరెంటు పోయిందా?"

"లేదురా, ఉంది" అంది మంచం మీద కోడలి పక్కన చెమటలు కక్కుతూ కూర్చున్న తల్లి. "ముందు ఆ తలుపెయ్యి."