ఆరో రేవును సంఘంలో కలిపిన మా మేనత్త

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం తుష్నాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే బస్సులో ఉండగా ఫోన్ మోగింది. చేసింది అత్త పక్కింటి పిల్ల. "దీదీ, అత్తమ్మ ఎల్లిపోనాది" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఎవరితో తగువు పడింది?" అని అడిగాను. "ఎవలితోనూ లేదు దీదీ. పొద్దున్న గంజి సల్లారిపోనాదని నన్ను గరిటెతో ఒక్కటేసింది. తరవాత గోడకి ఆనుకొని కూకుంది, అంతే" అంది వెక్కుతూ. గరిటె ఎత్తిందంటే ఆఖరి పూట దాకా ఒంట్లో ఓపిక ఉందన్నమాట. బస్సులో అందరి ముందూ నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. పక్క సీటాయన పాపం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

చదివేవాళ్ళకి ముందే చెబుతున్నాను, ఆవిడ శాంతమూర్తి అనీ, చీమకి కూడా హాని చెయ్యలేదనీ నేను రాయను. ఆవిడ చెయ్యి తగలని వీపు మా రేవులో లేదు. బజారులో ఒకడు వంజరం చేప మొప్పలు పది సార్లు ఎత్తి చూసి, వాసనొస్తోందని మూతి తిప్పితే, అదే చేప తోక పట్టుకుని వాడి చెంప మీద కొట్టింది. వాడు మర్నాడు మళ్ళీ వచ్చి అత్త దగ్గరే కొన్నాడు, అది వేరే సంగతి. నాకు తల దువ్వేటప్పుడు కదిలితే దువ్వెనతో నెత్తి మీద మొట్టేది. కానీ ఆ ఇంటికి ఆకలితో వచ్చినవాడు ఆకలితో వెళ్ళలేదు. కంచంలో అన్నం పెడుతూ తిట్టేది, తిట్టడం ఆపకుండానే మారు వడ్డించేది. "ముందు తినీ. ఏడవడానికైనా బలం కావాల" అనేది. ఆ మాట నేను నా జీవితంలో అందరికన్నా ఎక్కువ సార్లు విన్నాను.

మాది నలభై ఇళ్ళ రేవు. స్వతంత్రం వచ్చాక, ఉత్తరాంధ్ర తీరం నుంచి మా తాతలు ఓడెక్కి వచ్చి అండమాన్లో ఒక కయ్య పక్కన, అంటే సముద్రం నేల లోపలికి చొచ్చుకొచ్చిన పాయ పక్కన, పాకలు వేసుకున్నారు. మిగతా ఐదు రేవులూ కయ్యకి అవతల ఉండేవి. అక్కడ రాంచీ నుంచి కూలికొచ్చినవాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు, మన తెలుగు క్రైస్తవులు అందరూ కలగలిసి ఉండేవారు. ఐదు రేవులూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘానికి జెట్టీ ఉంది, ఐసు గది ఉంది, ఇంజను లాంచీ ఉంది. మేము చేరలేదు. మా నీళ్ళు మావి, మా గంగమ్మ మాది, మా తీర్పు మాది అనుకునేవాళ్ళం. మా ఊరి పెద్ద ఎవరైనా పోలీసు పేరెత్తితే నవ్వేవాడు. "ఇది మన రాజ్జెం. ఇక్కడ ఆలకేటి పని?" అనేవాడు. నలభై పాకలూ పదిహేడు పడవలూ ఉన్న రాజ్యం!

ఆ రాజ్యం మా అమ్మని తినేసింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. వానాకాలం, సముద్రం పొంగి ఉంది. అమ్మకి రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. తెడ్డు పడవ ఆ అలల్లో నిలవదు. మా అత్త అడవి దారిన పరిగెత్తి సంఘం లాంచీ అడిగింది. లాంచీ నడిపేవాడు, "మెంబర్ నహీ హై, దీదీ. కమిటీ చెప్పకుండా నేను తీస్తే నా నౌకరీ పోతుంది" అన్నాడు. కమిటీ వాళ్ళు ఊళ్ళో లేరు. అత్త అక్కడే వాడి చొక్కా చింపింది, కాళ్ళూ పట్టుకుంది. ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి అమ్మా లేదు, బిడ్డా లేదు.

ఆ చావు మా నాన్ననీ మా అత్తనీ చెరో వైపుకి తోసింది. వాళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలే. తల్లి పోతే నాన్నని చంకనేసుకుని పెంచింది అత్తే. నాన్న ఆవిడని 'అప్పా' అనేవాడు, ఆవిడ గీసిన గీత దాటేవాడు కాదు. అత్త మాత్రం అమ్మ చిన్నదినం నాడే, "సంఘంలో కలవాల. ఇంకో ఆడది ఇలా సావకూడదు" అంది. నాన్న ఆ మాట విననే లేదు. పదకొండో రోజు పొద్దున్నే తన తెడ్డు తీసుకుని అవతలికి వెళ్ళి, జెట్టీ మీద లాంచీ కడుతున్న ఆ లాంచీ నడిపేవాడి మోకాలి మీద కొట్టాడు. పడ్డాక మళ్ళీ కొట్టాడు. ఎముక బయటికొచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా రేవులో ఒకడు ఇంకొకడి రక్తం కళ్ళజూస్తే, కొట్టినవాడు ఏ తెడ్డుతో వేటకి వెళ్తాడో ఆ తెడ్డు భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా, దెబ్బ తిన్నవాడి గుమ్మానికి నడవాలి. ఊళ్ళో మగాళ్ళందరూ వెనక నడవాలి. ఎవరూ నోరు విప్పకూడదు. దెబ్బ తిన్నవాడు ఆ తెడ్డుని ముట్టుకుంటే తగువు తీరినట్టు. తెడ్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది, వాళ్ళు తిరిగిచ్చేదాకా కొట్టినవాడు సముద్రం మీదికి వెళ్ళడు, పస్తులుంటాడు. మా వాళ్ళకి ఇంతకన్నా పెద్ద క్షమాపణ తెలియదు. ఊరి పెద్ద ఆ తీర్పే చెప్పాడు. అవతలి రేవులో ఈ ఆచారం ఎవరికీ తెలియదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. అత్త అంది, "ముందు ఒక మనిషినంపి సెప్పించండి." "తెడ్డు ఎల్తంటే మాటేటి, నోర్ముయ్" అన్నారు.

అవతలివాళ్ళకి ఏం కనపడిందో మీరే ఊహించుకోండి. నాలుగు రోజుల కిందట కాలు విరగ్గొట్టినవాడు అదే తెడ్డు భుజాన వేసుకుని వస్తున్నాడు. వెనక నలభై మంది. పలకరించినా పలకరు. రాళ్ళు పడ్డాయి. మా వాళ్ళు నోరు విప్పలేదు. కత్తులు వచ్చాయి. మా వాడొకడికి కన్ను పోయింది. నాన్న నుదురు పగిలి రక్తం కళ్ళలోకి కారింది, అప్పుడు తెడ్డు తిప్పాడు. ఎవరికి తగిలిందో కూడా చూడలేదు. లాంచీ నడిపేవాడి తమ్ముడు, ఇరవై ఏళ్ళవాడు, తల పగిలి అక్కడికక్కడే పోయాడు. క్షమాపణ చెప్పడానికి వెళ్ళి మనిషిని చంపుకొచ్చారు.

నాన్నని మడ అడవిలో దాచారు. పోలీసులు వస్తే, ఓడెక్కి దేశం, అంటే ఆంధ్రా తీరానికి, పోయాడని ఊరంతా ఒకే మాట చెప్పింది. నేనూ చెప్పాను. తర్వాత రెండు నెలలు నరకం చూశాం. వాళ్ళు మా పడవలు నాలుగు తగలబెట్టారు, మేము వాళ్ళ వలలు కోసేశాం. మా చేప బజారుకి పోనివ్వలేదు, బుట్టల్లోనే కుళ్ళింది. నీళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళు కూడా కత్తిపీట పట్టుకుని వెళ్ళేవారు. ఊరి పెద్ద కోడలికి అప్పుడు ఏడో నెల. మా అత్త ఆ పిల్ల కడుపు వంక చూడటం, నోరు మూసుకోవడం నేను చూశాను. మా అత్త నోరు మూసుకుందంటే భయపడాల్సిందే.

ఒకనాడు ఒక్కతీ అవతలికి వెళ్ళి సంఘం సెక్రటరీ ముందు కూర్చుంది. ఆయన మూడు షరతులు చెప్పాడు. నీళ్ళ మీద మా హద్దు తీసెయ్యాలి. ఇకనుంచి తగువులు కమిటీ ముందుకే రావాలి. మూడోది, చంపినవాణ్ణి పోలీసులకి అప్పగించాలి. "మూడోది అయ్యాకే మిగతా బాత్" అన్నాడు. అత్త తిరిగొచ్చి గంగమ్మ గట్టు దగ్గర అందరి ముందూ చెప్పింది. ఊరి పెద్ద లేచాడు.

"మన మనిషిని మనమే ఒప్పజెప్పేస్తే, ఇంక మనదొక ఊరేటి?"

"నీ కోడలి నొప్పులకి నీ ఊరు పడవ తోస్తాదేటి?" అంది అత్త. "మొన్న నా మరదలు సచ్చినప్పుడు ఎక్కడున్నాది నీ ఊరు?"

"తమ్ముణ్ణి అమ్ముకుంటావా, దొంగముండా!" అని ఎవరో అరిచారు. అత్త అరిచినవాణ్ణి వెతికి పట్టుకుని చెంప పగలగొట్టింది. మీటింగు అక్కడితో చెదిరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే నాన్నకి అన్నం తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. రొయ్యల పులుసు. నాన్న కడుపు నిండా తినేదాకా పక్కన కూర్చుంది, మారు వేసింది, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోసింది. కడుక్కుంటున్న చేతుల మీద వల తాడు వేసి బిగించింది. నాన్నకి అర్థమయ్యేసరికి రెండో ముడి పడిపోయింది. అరిచాడు, తన్నాడు, ఆవిడ చిటికెన వేలు కొరికాడు. సగం వేలు తెగి వేలాడింది. అత్త చేతిలో ఉన్న కుండ అతని నెత్తి మీద బద్దలు కొట్టింది. కాళ్ళు పట్టి బురదలో పడవ దాకా ఈడ్చింది. నేను అడ్డం పడితే నన్ను అవతలికి విసిరేసింది. నాన్న "అప్పా, నానే నీ తమ్ముణ్ణి, అప్పా, వొగ్గీ" అని అరుస్తూనే ఉన్నాడు. అరుపులు విని మా వాళ్ళు ఒడ్డుకి పరిగెత్తుకొచ్చి పడవ మీద రాళ్ళు రువ్వారు. ఆవిడ వీపు మీద పడ్డ రాళ్ళ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు, తెడ్డు వేస్తూనే పోయింది.

సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చింది. వేలికి గుడ్డ చుట్టి ఉంది. పొయ్యి రాజేసి అన్నం వండింది. "ముందు తినీ, తరవాత తిట్టీ" అంది. నేను కంచం ఎత్తి ఆవిడ మొహాన కొట్టాను. జీవితంలో మొదటిసారి, ఆఖరిసారి, ఆవిడ తిరిగి కొట్టలేదు. కింద పడ్డ మెతుకులు ఏరి కోడికి వేసింది.

నెల తిరక్కుండా, సంఘంలో కలవాలా వద్దా అని ఊళ్ళో చేతులెత్తే రోజు వచ్చింది. ఆడవాళ్ళందరూ ఎత్తారు. మగాళ్ళలో మొదట ఎత్తింది ఊరి పెద్దే, తల మాత్రం దించుకుని ఎత్తాడు. ఆరో రేవుగా మా పేరు సంఘం పుస్తకంలో ఎక్కింది. ఊరి పెద్ద కోడలికి నొప్పులొచ్చిన నాడు లాంచీ మా ఒడ్డుకి వచ్చింది. నడుపుతున్నది ఆ కుంటికాలి మనిషే. తమ్ముణ్ణి చంపినవాళ్ళ ఊరికి ఆ లాంచీ ఎలా తెచ్చాడో, కడుపుకోత పడ్డ వాళ్ళ తల్లి ఎలా పంపిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మా అత్త వారం వారం ఆ తల్లి గుమ్మంలో చేపల బుట్ట పెట్టి వచ్చేది. రెండేళ్ళు ఆవిడ ఆ బుట్ట వీధిలోకి విసిరింది. మూడో ఏడు బుట్ట లోపలికి తీసుకుంది.

నేను అత్త ఇంట్లోనే పెరిగాను. ఆరేళ్ళు తిండి తిన్నాను, 'అత్తా' అని పిలవలేదు. తుష్నాబాద్ రైతు కుర్రాణ్ణి చూసి పెళ్ళి చేసింది, అప్పుడూ పిలవలేదు. మొదటి కాన్పులో, పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో, నొప్పి తట్టుకోలేక "అత్తా!" అని కేక పెట్టాను. ఆవిడ గుమ్మం తోసుకుని వచ్చి నా జుట్టు పట్టుకుని, "ఇన్నేళ్ళకి నోరు పెగిలిందేటే, గాడిదా!" అని నెత్తి మీద ఒక్కటేసింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం. నేను ప్రాణాలతో ఉన్నాను, నా ముగ్గురు పిల్లలూ ఉన్నారు. అత్తా, నీకు దండం పెట్టడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

నాన్న తొమ్మిదేళ్ళు జైల్లో ఉండి, తెల్లజుట్టుతో తిరిగొచ్చాడు. రేవు చివర పాక వేసుకున్నాడు. అక్క ఇల్లు కనపడే వైపు గోడకి కిటికీ పెట్టుకోలేదు. నలభై ఏళ్ళు ఒక ఊళ్ళో ఉండి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

బుధవారం ఆరు రేవుల వాళ్ళూ వచ్చారు. పడవలు ఒడ్డుకి లాగేశారు, ఎవరూ వేటకి పోలేదు. ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పందే మా వాళ్ళు పాడె ఎత్తరు. పుట్టింటివాడంటే మిగిలింది మా నాన్న ఒక్కడే. నేను వెళ్ళి పిలిచే ధైర్యం చెయ్యలేకపోయాను. ఎండ నెత్తికెక్కుతోంది. కొత్త సెక్రటరీ, కుర్రాడు, మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఈ అమ్మ మామూలు మనిషి కాదు, భాయియో. మన సంఘం కోసం సొంత తమ్ముణ్ణి తాడుతో కట్టి తెచ్చి..."

"ఆపరా!"

నాన్న. చంకలో కొత్త చీర, మరో చేతిలో కర్ర. జనం దారి ఇచ్చారు.

"ఎవడ్రా నీకు సెప్పినాడు? అప్ప నన్ను కట్టనేదు. నానే ఎల్తానన్నాను. అప్పా, పడవ తియ్యి, నాను పోయి లొంగిపోతాను అన్నాను. ఆవిడ తెడ్డేసింది, అంతే. తమ్ముణ్ణి అమ్ముకున్నాదని ఇంకెవడైనా అన్నాడంటే నరుకుతాను."

అబద్ధం. నేను ఆ బురదలో నిలబడి చూశాను. ఆ రోజు రాళ్ళు రువ్వినవాళ్ళలో బతికున్న ముసలాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒకడు ముందుకొచ్చి, "ఔను. ఆడే ఎల్లినాడు. నాను సూసినాను" అన్నాడు. సెక్రటరీ నా వైపు తిరిగాడు. "సచ్ హై క్యా, దీదీ?"

"అవును" అన్నాను. "మా నాన్నే వెళ్ళాడు."

నాన్న అక్క పక్కన చతికిలబడి చీర మడత విప్పాడు, పాదాల దగ్గర్నుంచి మెడ దాకా కప్పాడు. కయ్య మీంచి గాలి గట్టిగా కొడుతోంది. చీర ఎగిరిపోకుండా రెండు చేతులతో రెండు పక్కలా అదిమిపట్టుకున్నాడు. ఎవరో సాయం చెయ్యబోతే మోచేత్తో నెట్టేశాడు. పాడె ఎత్తేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.